చేపల బ్లాగు మీద నడిచిందా?

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఒక చిన్న డౌటు. ఏ కొత్త టూల్ గురించి రాసినా, ముందు చేపల బ్లాగు మీద నడిచిందా అని అడుగుతున్నరు. నేనేదో ఆఫీసుల వాడుక మాట అనుకున్న. నిజంగనే చేపల బ్లాగుందా?" అంది.

ఉంది తల్లీ, నిక్షేపంగా ఉంది అన్నాను. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పమంది. స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్లో చెప్పే కథ కాదని, రాసి పంపుతానన్నాను. కాబట్టి ఇది ఆ అమ్మాయి కోసం. ఆమెలాగా కొత్త పనిముట్టు కనబడగానే కళ్లు మెరిసే పిల్లలందరి కోసం కూడా.

మా ఆఫీసు పేట్ బషీరాబాద్‌లో, హైవే మీద, టైర్ల దుకాణానికి పై అంతస్తులో ఉండేది. కింద లారీ టైరు పంక్చర్ అయితే పైన మా కుర్చీలు అదిరేవి. మేము చేసే పని చెప్పుకోవడానికి చిన్నది. సొంతంగా బ్లాగులు నడుపుకునే వాళ్లకు వారం వారం తెలుగులో ఒక బులెటిన్ పంపేవాళ్లం. బ్లాగుకు తగిలించుకునే ఏ కొత్త ప్లగిన్ వచ్చింది, ఏది మూతపడుతోంది, ఫొటోల బరువు ఎలా తగ్గించాలి, పనికిమాలిన ప్రకటనలు కామెంట్ల రూపంలో దూరకుండా ఏం చేయాలి, అంతా అందులో ఉండేది. అందరూ వీడియోలు చూస్తున్న ఈ కాలంలో బ్లాగులెవరు రాస్తారండీ అని మా బంధువులు అడిగేవారు. రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. మా ఫోన్ మోగుతూనే ఉండేది.

ఆ ఫోన్ ఎత్తేదాన్ని నేనే. అంతకు ముందు మేడ్చల్‌లో ఒక ప్రెస్సులో డీటీపీ చేసేదాన్ని. పెళ్లి పత్రికల మీద వేసే గణపతి బొమ్మలు కళ్లు మూసుకుని పెట్టగలను. ప్రెస్సు మూతపడ్డాక ఇక్కడ కుదిరాను. "అమ్మా, నా బ్లాగు మాయమైంది" అని ఎవరో ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే, "ముందు మీ ఇంట్ల నెట్ వస్తుందా చూడండి సార్" అనడం నా ఉద్యోగం. పదిమందిలో ఎనిమిది మంది సమస్య అక్కడే తేలిపోయేది.

ఆఫీసు నడిపేది మేడం. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లోకి వెల్లుల్లి కూడా రానివ్వని శాకాహారి. నా వయసు యాభై దాటినా నన్ను "అమ్మాయ్" అనే పిలిచేవారు. నేను బులెటిన్‌లో "క్లిక్ చేయండి" అని రాస్తే "నొక్కండి" అని దిద్దేవారు. మూడో మనిషి మా ఇంజినీరు. అత్వెల్లి నుంచి బైకు మీద వచ్చేవాడు. ఏ పనిముట్టు వచ్చినా పెళ్లిచూపుల్లో మేనమామలాగా అనుమానంగా చూసి, ఏదో వంక పెట్టి పంపించేవాడు. అందుకే అతని మాట మీద మాకు గురి.

ఆఫీసుకు ఒక నియమం ఉండేది. మన బ్లాగు మీద నడవనిది మంది బ్లాగుకు చెప్పొద్దు. మన బ్లాగు అంటే మేడం గారిది. అందులో ఆవిడ సామెతల గురించి రాసేవారు. వారానికి రెండో మూడో కామెంట్లు వచ్చేవి, అవి కూడా ఏ ఊరినుంచో ఏ పెద్దాయనో రాసినవి: "అమ్మా, మీ వ్యాసము చదివి మిక్కిలి సంతోషించితిని." ప్రతి కొత్త పనిముట్టునూ మేము ఆ ప్రశాంతమైన బ్లాగు మీద పరీక్షించేవాళ్లం. ఆ నియమంలో ఉన్న లొసుగు ఏళ్ల తరబడి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక చేపల బ్లాగు సంగతి.

షామీర్‌పేటలో ఆడవాళ్లకు బ్లాగు పెట్టుకోవడం నేర్పమని పిలిస్తే ఒకసారి నేనే వెళ్లాను. వచ్చినవాళ్లలో చాలామంది టీ తాగి వెళ్లిపోయారు. ఒకామె మాత్రం చివరిదాకా కూర్చుంది. చీర అంచు తడిగా ఉంది, చేతికి పొలుసు అంటుకుని ఉంది. చెరువు మీద చేపలు పట్టే ఇంటి కోడలు. "అక్కా, ఇయ్యాల ఏం చేప వడ్డదో రాస్తె జనం సూస్తరా?" అని అడిగింది. చూస్తారో లేదో నాకేం తెలుసు. చూస్తారన్నాను.

ఆమె పక్కన అత్త కూర్చుని ఉంది. కోడలు ఏం నేర్చుకుని చెడిపోతుందో చూద్దామని వచ్చిన మనిషి. ఆ రోజే మొదటి పోస్టు పెట్టించాను. రవ్వ చేపల పులుసు ఎలా పెట్టాలో కోడలు చెప్పింది, నేను టైపు చేశాను. ఎవరో ఒకరు కామెంటు పెడితే ఎలా ఉంటుందో చూపిద్దామని, "నువ్వొక మాట చెప్పవ్వా, రాస్త" అన్నాను. అత్త ఏమాత్రం ఆలోచించలేదు. "చింతపండు ఎక్కువైంది. గిట్ల పెడితె చేప రుచి చస్తది. రాయి బిడ్డా" అంది. అదే ఆ బ్లాగుకు మొట్టమొదటి కామెంటు. కోడలు నవ్వి, ఉండనీ అక్కా అంది.

తర్వాత ఆ బ్లాగు మేము అనుకోని దారి పట్టింది. కొంపల్లి గేటెడ్ విల్లాల వాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఇదివరకు ఆమె ఫోన్లో ఆర్డర్లు తీసుకునేది. చేపలు కోస్తున్న చేతులతో ఫోన్ ఎత్తితే జారేది. వాట్సప్ గ్రూపు పెట్టి చూసింది. గులాబీ పూల మీద శుభోదయాలు వచ్చి, వాటి కింద బొచ్చె చేపలు కప్పబడిపోయేవి. చివరికి బ్లాగే నయమనిపించింది. "రేపు గివి వడుతయ్" అని ఒక పోస్టు పెడుతుంది. దాని కింద విల్లా నంబరు, ఏ చేప, ఎంత, తల కావాలా వద్దా అని జనం కామెంట్లలో రాస్తారు. అందులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. పక్క విల్లావాళ్లు రెండు కిలోలు రాస్తే, వీళ్లు ఊరుకుంటారా? మూడు రాసేవాళ్లు.

ఆ ఏడాది మిరుగుకు ఆమె ఒక సాహసం చేసింది. మిరుగు అంటే మృగశిర కార్తె మొదటి రోజు. ఆ రోజు మా వైపు చేప తినని ఇల్లు ఉండదు, మా మేడం ఇల్లు తప్ప. ఏటా మిరుగు చేపంతా చెరువు మీద చేపలు పట్టేవాళ్ల సంఘంవాళ్లు ఒక సేటుకు గంపగుత్తగా ఇచ్చేవాళ్లు. ఆయన చెప్పిందే ధర. ఈసారి ఆమె సంఘం కూర్చున్న చోటికి వెళ్లి, "మిరుగు చేపంత నేనే అమ్మిపిస్త, సేటుకు ఇయ్యకుండ్రి" అంది. నిండా మగవాళ్లున్న చోట. మధ్యలో ఎవరో, "అమ్ముడుపోకుంటె?" అన్నారు. "నాది మాట" అందట. అత్త అక్కడే ఉంది. అవును అనలేదు, కాదు అనలేదు.

మిరుగు ఆదివారం వచ్చింది. వారం ముందు నుంచే ఆమె పోస్టు కింద ఆర్డర్లు వరదలా వచ్చాయి. నేను కూడా రోజూ చూసి మురిసిపోయేదాన్ని.

సరిగ్గా ఆ వారమే మా ఇంజినీరు జీవితంలో మొదటిసారి ఒక ప్లగిన్‌ను మెచ్చుకున్నాడు. దొంగ కామెంట్లను ఏరేసే పనిముట్టు అది. "అక్కా, గిది మామూలుది కాదు. చెత్త తీసి పక్కకు పెట్టదు, జాడ గూడ లేకుంట తుడుస్తది. పాతయి గూడ ఎనకకు పోయి తుడుస్తది" అన్నాడు. కళ్లల్లో వెలుగు. మేడం మురిసిపోయింది మాత్రం ఇంకో సంగతికి. అది తెలుగులో మాట్లాడుతుంది! కామెంటు తీసేసినప్పుడు, రాసినవాళ్లకు "మీ వ్యాఖ్య తిరస్కరించబడింది" అని ఈమెయిలు కూడా పంపుతుంది. "చూశావా అమ్మాయ్, ఎంత మర్యాదగా చెబుతోందో" అని మేడం ముచ్చటపడ్డారు. సామెతల బ్లాగు మీద పెట్టి చూశాం. ఒక్క పెద్దాయన్నీ తాకలేదు. గురువారం బులెటిన్‌లో మొదటి వార్త అదే.

మా పాఠకుల గురించి మీకొక రహస్యం చెప్పాలి. మేము ఏం చెప్పినా ఎవరూ చేయరు. బ్యాకప్ తీసుకోండి బాబూ అని ప్రతి బులెటిన్‌లో మొత్తుకునేవాళ్లం, గోడకు చెప్పినట్టే. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి మా పాఠకులందరిలో ఒక్కరే. ఆ ఒక్కరూ షామీర్‌పేటలో ఉన్నారు.

శనివారం పొద్దున ఫోన్ మోగింది.

"అక్కా, నా ఆర్డర్లన్ని పోయినయే" అంది. ఏడవడం లేదు, గొంతు మాత్రం పల్చగా ఉంది.

"నెట్ ఉన్నదా చెల్లె?" అన్నాను అలవాటుగా.

"నెట్ మంచిగనే ఉన్నది. పోస్టు ఉన్నది, ఫొటోలున్నయ్. కింద ఒక్క కామెంటు లేదు. నిన్న మీరు రాసింది చూసి గా కొత్తది పెట్టుకున్న. పొద్దుగాల లేచి చూస్తె ఉడ్చినట్టు ఉన్నది. ఇగ ఒకామె ఫోన్ చేసి, నా ఆర్డరు తిరస్కరించినవంట గదా, మాకేం తక్కువ అని తిట్టి పెట్టేసింది. నేనెవ్వల్నీ ఏమనలే అక్కా."

ఇంజినీరు వెంటనే ఆమె బ్లాగు తెరిచి చూశాడు. అతని మొహం మామూలుగానే దిగులుగా ఉంటుంది, ఆ రోజు చూడలేకపోయాను. కారణం అతనికి రెండు నిమిషాల్లో దొరికింది. విల్లాలన్నిటికీ ఇంటర్నెట్ లైను ఒకటే. బయటినుంచి చూస్తే అన్ని ఇళ్లదీ ఒకే అడ్రసు. ఒకే అడ్రసు నుంచి, ఒకే పోస్టు కింద, అంకెలతో పొట్టి పొట్టి కామెంట్లు వరసగా వస్తుంటే ఆ పనిముట్టు ఏమనుకుంటుంది? ఎవడో దొంగ ఒక్కడే కూర్చుని అన్నీ గుమ్మరిస్తున్నాడనుకుంది. తుడిచేసింది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి మిగతా పాతవి కూడా తుడిచేసింది. తుడిచిన ప్రతిసారీ ఎంతో మర్యాదగా ఉత్తరం రాసింది.

"బ్యాకప్ ఉన్నదా చెల్లె?" అని ఇంజినీరు ఫోన్ లాక్కుని అడిగాడు.

"ఉండె అన్నా. మీరు చెప్పినట్టే నా పాత ఫోన్ల పెట్టుకున్న. ఫోన్ తెప్ప మీదికెల్లి చెరువుల వడ్డది."

మేము నవ్వలేదు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంజినీరు బైకు మీద మేడ్చల్ మీదుగా షామీర్‌పేట వెళ్లాం. దారంతా అతను ఒక్కటే మాట అన్నాడు, "మెచ్చుకోకుండ ఉంటె అయిపోవు" అని. మేము వెళ్లేసరికి చెరువు గట్టున సంఘంవాళ్లు ఉన్నారు. వలలు నీళ్లల్లో ఉన్నాయి. ఆమె గట్టు మీద నిలబడి ఉంది, ఎవరివైపూ చూడకుండా.

"ఇయ్యాల్టికి చేప తియ్యకుండ నీళ్లల్లనే ఉంచరాదా?" అని ఇంజినీరు అడిగాడు.

అత్త రాయి మీద కూర్చుని వల చిరుగు అల్లుతోంది. "ఉంచొచ్చు కొడుకా. మిరుగును గూడ ఇంకొక దినం ఆగుమని నువ్వే చెప్పిరా పో" అంది.

సంఘంలో ఒక పెద్దమనిషి ఫోన్ చేతిలో పట్టుకుని ముందుకు వచ్చాడు. కోపంగా ఏమీ లేడు, అదే నాకు ఎక్కువ బాధ వేసింది. "సేటుకు ఫోన్ చెయ్యాల్నా మరి? ఇప్పుడైతె సగం ధరకన్న పట్టుకపోతడు" అన్నాడు.

అందరూ ఆమెవైపు చూశారు. సేటుకు ఫోన్ వెళ్లిందంటే ఆ ఒక్క ఏడాదితో పోదు. మళ్లీ ఏ ఆడమనిషి సంఘంలో నోరు తెరిచినా, "అప్పుడేమైంది" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, వల అల్లుతున్న అత్తకూ తెలుసు. ఆమె ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"చెయ్యకు" అంది. అంతే. వలలు తీయొద్దని మాత్రం చెప్పలేదు.

నేను పక్కకు వెళ్లి మేడంకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.  మా బులెటిన్‌లో సరుకు అమ్మకాల ప్రకటన ఎప్పుడూ వేయలేదు. పచ్చళ్లవాళ్లు ఎంత బతిమాలినా మేడం ఒప్పుకోలేదు. ఒక్క బులెటిన్ దిద్దడానికి ఆవిడకు రెండు రోజులు పట్టేది.

"అమ్మాయ్, ఏమేం చేపలున్నాయో చెప్పు" అన్నారు.

చెప్పాను. కొర్రమట్ట, రవ్వ, బొచ్చె, చిన్న పరకలు. పరకలంటే ఏమిటని అడిగారు. ముళ్లెక్కువ, పులుసుకు బాగుంటాయన్నాను. "ముళ్ల సంగతి కూడా రాయనా? దాచకూడదు కదా" అన్నారు. రాయమన్నాను.

ఆ ప్రత్యేక సంచిక మధ్యాహ్నం కాకముందే వెళ్లిపోయింది. అంత పొట్టి బులెటిన్ మేము ఎప్పుడూ పంపలేదు. మొన్న మేము మెచ్చుకున్న పనిముట్టును వెంటనే తీసేయండి, దాన్ని పరీక్షించడంలో పొరపాటు మాది అని రాశారు. షామీర్‌పేట చెరువు మీద బ్లాగు నడిపే ఆమె ఎవరినీ తిరస్కరించలేదు, తిరస్కరించింది మేము పంపిన యంత్రం, దయచేసి మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లండి అని రాశారు. కింద చేపల పేర్లు, ముళ్ల సంగతితో సహా. "నొక్కండి" అన్న మాట ఎక్కడా లేదు.

ఈలోగా ఇంజినీరు గట్టు మీదే కూర్చుని పనిముట్టును పీకేసి కామెంట్ల తలుపు తెరిచాడు. ఆమె ఒక కొత్త పోస్టు పెట్టింది. నేను టైపు చేస్తానంటే వద్దంది, తనే రాసుకుంది. "మీరు రాసినయి పోయినయి. చేపలు పోలేదు. ఎవ్వలకు ఏం గావాల్నో మల్ల జెప్పుండ్రి. చెప్పకున్నా రేపు పొద్దుగాల కొంపల్లి విల్లాల గేటు కాడ ఉంట."

ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ తలుచుకుంటాను. మా మాట ఎవరూ వినరని అన్నాను కదా. ఆ రోజు విన్నారు. కొంపల్లిలో తమ కాలనీ కబుర్లు రాసే ఒక బ్యాంకు పెద్దమనిషి, నీళ్ల ట్యాంకరు గొడవ ఆపి చేపల గురించి రాశాడు. పేట్ బషీరాబాద్‌లో వంటల బ్లాగు నడిపే ఆమె తన పాఠకులకు ఆ పోస్టు పంపి, చింతపండు కొంచెం తగ్గించుకోవచ్చు అని తన సలహా కూడా తగిలించింది. అత్వెల్లిలో సొరకాయల పెంపకం మీద బ్లాగు రాసే రైతు ఒకాయన ఉన్నాడు, నెలకొక పోస్టు కూడా రాయడు. ఆ రోజు రాశాడు. ఏం రాశాడో చదివే తీరిక మాకు లేకపోయింది. సాయంత్రానికి కామెంట్లు మళ్లీ పడుతున్నాయి. ఇదివరకటి అన్ని లేవు. సగం ఉంటాయేమో. మిగతా సగం దేవుడి మీద వదిలి చేప తీశారు.

మిరుగు నాడు పొద్దున్నే విల్లాల గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. ఐసు డబ్బాలు దింపారు. అత్త కత్తిపీట వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మా మేడం దిగారు. పట్టుచీర, నుదుట కుంకుమ, కొంగు ముక్కుకు అడ్డంగా.

"మీరెందుకొచ్చిండ్రు మేడం!" అన్నాను.

"తప్పు నా సంతకంతో వెళ్లింది. నేను రాకపోతే ఎలా?" అన్నారు కొంగులోంచి. "నన్నేం చేయమంటారో చెప్పండి. చేపను మాత్రం ముట్టుకోను."

ఫోన్ చేతికిచ్చి, కామెంట్లు పైకి చదవమన్నాం. ఏళ్ల తరబడి క్లాసులో హాజరు పిలిచిన గొంతు అది. గేటు లోపలి మూడో వీధిదాకా వినబడింది. "బొచ్చె, రెండు కిలోలు, ముక్కలు చేసి! తల వద్దట!"

"తల వద్దంటె ఎట్ల పంతులమ్మా? రుచంత తలల్నే ఉంటది. జెర అడుగు" అంది అత్త, కత్తిపీట మీది నుంచి తలెత్తకుండా.

"వద్దన్నారమ్మా. వాళ్ల ఇష్టం."

"వాళ్లకేం తెల్సు."

అలా వాళ్లిద్దరూ పొద్దంతా వాదించుకున్నారు. చేప జన్మలో తినని మనిషీ, చేప తప్ప వేరేది ఎరుగని మనిషీ ఒక తలకాయ గురించి అంత శ్రద్ధగా పోట్లాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముందు రోజు ఫోన్లో తిట్టినామె కూడా వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది. "నన్ను రిజెక్ట్ చేసినవ్ గదా" అంది. మా చేపలామె జవాబు చెప్పేలోపే మేడం ముందుకు వెళ్లారు. "ఆమె కాదండీ, నేను. ఆ తిరస్కరణ మాటను చూసి ముచ్చటపడింది కూడా నేనే. క్షమించాలి" అని చేతులు జోడించారు. కొంగు జారిపోయింది, వాసన తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వచ్చినామె ఆవిడ ఏడుస్తున్నారనుకుని కంగారుపడి మూడు కిలోల కొర్రమట్ట తీసుకుంది.

కొర్రమట్ట అయిపోయింది. రవ్వ అయిపోయింది. బొచ్చె డబ్బా అడుగు కనబడింది. ఎండ ఎక్కుతోంది, ఐసు కరుగుతోంది. పరకలు మాత్రం పోసింది పోసినట్టే ఉన్నాయి. విల్లాల్లో ఎవరూ ముళ్ల చేప ముట్టుకోరు. పిల్లల గొంతులో గుచ్చుకుంటాయట. వాటికి ఇదివరకటి ఆర్డర్లు రోడ్డు పక్క బస్తీలవాళ్లవి. వాళ్లకు తిరస్కరణ ఉత్తరం చేరింది కానీ బులెటిన్ ఎలా చేరుతుంది? సంఘం పెద్దమనిషి ఫోన్ చేతిలో పట్టుకుని ఆ కుప్పను చూస్తున్నాడు. ఆమె మళ్లీ మళ్లీ వాటి మీద నీళ్లు చల్లుతోంది. మిరుగు చేపంతా అమ్మిస్తానన్న మాట కదా, పరకలు మిగిలినా మాట పోయినట్టే.

అప్పుడు హైవే మీది నుంచి ఒక ట్రాక్టరు మా వైపు తిరిగింది. వెనక ట్రాలీలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. నడుపుతున్నది సొరకాయల బ్లాగు రైతు. ఆయన్ని నేను ఫోన్లోనే ఎరుగుదును, మనిషిని చూడటం అదే మొదలు.

"ముళ్ల చేప ఉన్నదని రాసిండ్రు గదా మేడం. ఉన్నదా, అయిపోయిందా?" అని పైనుంచే అరిచాడు.

"ఉన్నదే అన్నా, మస్తున్నది!" అని చేపలామె చల్లుతున్న నీళ్ల చెంబు పడేసింది.

"మా ఊర్ల మెత్తటి చేప ఎవ్వలు తినరు. ముళ్లుంటెనే మిరుగు. నేను బ్లాగుల రాసిన, మా ఇంటామె ఊరంత చెప్పింది. నా రాతకన్న ఆమె నోరే ఎక్కువ చదువుతరు" అన్నాడాయన.

ఆడవాళ్లు ట్రాలీ దిగి కుప్ప చుట్టూ చేరారు. మేడం మెల్లగా నా పక్కకు వచ్చి, "ముళ్ల సంగతి దాచలేదు కదా మనం" అన్నారు. అవునన్నాను. అంతకన్నా ఏమైనా అంటే నాకు అక్కడే ఏడుపు వచ్చేది. సంఘం పెద్దమనిషి ఫోన్ జేబులో పెట్టుకుని, ఖాళీ డబ్బాలు తనే ఎత్తి ఆటోలో వేశాడు. వచ్చే ఏడాది గురించి ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సిన పని లేకపోయింది.

మా నియమం ఆ సోమవారమే మారింది. ఇంజినీరు తన చేత్తోనే రాసి గోడకు అంటించాడు. పిల్లలూ, మీరు కూడా గుర్తుంచుకోండి. కొత్త పనిముట్టును నెమ్మదస్తుల ఇంట్లో పరీక్షించకండి. సంత జరిగే చోట పరీక్షించండి. చేపలామె బ్లాగుకు నకలొకటి మా దగ్గర పెట్టుకుని, ప్రతి కొత్త సరుకునూ ముందు దాని మీదే వదిలేవాళ్లం.

కానీ ఆ ఆదివారం ఇంకా అయిపోలేదు. డబ్బాలతో పాటు నేనూ షామీర్‌పేట వెళ్లాను. వాళ్లింట్లో అన్నం తినకుండా పోతే ఊరుకోమన్నారు. పులుసు బాగుంది. చింతపండు నిజంగానే కొంచెం ఎక్కువైంది, నేను పైకి అనలేదు.

తిన్నాక అత్త నా పక్కన వచ్చి కూర్చుంది. "బిడ్డా, అన్ని పోయినయంటివి. నేను జెప్పింది గూడ పోయిందా?"

"పోయిందవ్వా. పాతయన్ని పోయినయ్."

గడ్డంతో నా ఫోన్ వైపు చూపించింది. "అయితె మల్ల రాయి."

ఫోన్ తీశాను. ఆ పాత పులుసు పోస్టు దొరికింది. దాని కింద ఖాళీగా ఉంది. చెప్పమన్నాను.

"మా కోడలుకు పులుసు పెట్టరాదు. చింతపండు ఎక్కువేస్తది" అంది. రాశాను. బయట కోడలు చేపల డబ్బాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త అటు చూసి గొంతు తగ్గించింది. "ఇంకొక మాట రాయి. పులుసు పెట్టరాదు గని, మాట తప్పది. గంతే."

రాశాను. అక్షరం మార్చలేదు.

"గిది ఉంటదా, మల్ల పోతదా?" అంది.

"ఉంటదవ్వా."

కోడలు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "ఏం రాయిపిస్తున్నవ్ అత్తా?" అని అడిగింది.

"ఏమున్నది, చింతపండు సంగతే" అంది అత్త, ఇటు తిరక్కుండానే.

 బ్లాగు తెరిచినప్పుడు తనే చూసుకుంటుంది. మేడ్చల్ బస్సు వచ్చేదాకా అక్కడే అరుగు మీద కూర్చుని, ఆ ఒక్క కామెంటు కోసం బ్లాగు మొత్తానికి బ్యాకప్ తీసుకున్నాను.